ఇంట్లోనే కంప్యూటర్ రిపేరు, 5వ పాఠం: వైరస్‌తోపాటు నెట్ కూడా పోయిందా?

పోయిన పాఠంలో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ లేవకముందే వైరస్‌లని వెతకడం) గురించి చెబుతూ, దొరికినవాటిని క్వారంటైన్‌లో (విడిగా బంధించి) పెట్టండి, డిలీట్ కొట్టకండి అని చివర్లో రాశాను. అంతదాకా చదవకుండానే డిలీట్ కొట్టేసినవాళ్లు ఇంతమంది ఉంటారని అనుకోలేదు. వైరస్ పోయింది, నెట్ కూడా పోయింది, ఇప్పుడు వైఫై డ్రైవర్ (విండోస్ చేత వైఫై కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. అందుకే బ్యాకప్ పాఠం వాయిదా.

డ్రైవర్ కోసం వెతకడం ఆపి ముందు ఇది వినండి. కొన్ని వైరస్‌లు విడిగా ఫైల్ పెట్టుకోవు, విండోస్ సొంత డ్రైవర్ ఫైల్‌లోనే దూరి కూర్చుంటాయి. 2011, 2012 ప్రాంతంలో జీరోయాక్సెస్ రూట్‌కిట్ (విండోస్ లోపల దాక్కునే రకం వైరస్) చేసింది ఇదే, ఏఎఫ్‌డీ, నెట్‌బీటీ లాంటి నెట్‌వర్క్ డ్రైవర్ ఫైళ్లను పట్టుకుంది. యాంటీవైరస్ ఆ ఫైల్‌ని పీకేస్తే దాని మీద ఆధారపడ్డ డీహెచ్‌సీపీ సర్వీస్ (కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబర్, తెచ్చిపెట్టేది) 1068 ఎర్రర్ చూపించి లేవనంటుంది. ఇందులో మీ వైఫై కార్డు తప్పేమీ లేదు, కొత్త డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా నెట్ రాదు.

మరి తప్పు కార్డు డ్రైవర్‌దా, విండోస్‌దా? ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి. విండోస్‌కి అది వేరే అడాప్టర్, దాని డ్రైవర్ కూడా వేరే. దాంతో నెట్ వస్తే మీ కార్డు డ్రైవర్ పోయినట్టు. దాంతోనూ రాక, ఐపీ అడ్రస్ 169.254తో (అడ్రస్ దొరకనప్పుడు విండోస్ తనే పెట్టుకునేది) మొదలవుతుంటే గొడవ విండోస్‌లో ఉంది. (నెట్ ఉన్నట్టే చూపిస్తుంది, పింగ్ వెళ్తుంది, బ్రౌజర్ మాత్రం తెరుచుకోదంటారా? సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (బ్రౌజర్‌కీ నెట్‌కీ మధ్య దళారీ) చూడండి, 127.0.0.1 (అంటే మీ కంప్యూటరే) అని ఉంటే వైరస్ వదిలిపోయినదే అయ్యుంటుంది, ఆఫ్ చేయండి.)

విండోస్ గొడవైతే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పాడైన విండోస్ ఫైళ్లని బాగుచేసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow), తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్‌లని మొదటికి తెచ్చే నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ (netsh winsock reset), నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్ (netsh int ip reset), ఆపైన రీస్టార్ట్. ఎస్‌ఎఫ్‌సీ చేతులెత్తేస్తే డిస్మ్ (DISM, విండోస్‌ని బాగుచేసే ఇంకో కమాండ్) వాడమంటారు, కానీ అది మామూలుగా మంచి ఫైళ్లు తెచ్చుకునేది విండోస్ అప్‌డేట్ నుంచి, మనకి లేనిదే నెట్! ఐఎస్‌ఓని (విండోస్ ఇన్‌స్టాల్ ఫైళ్లన్నీ ఉండే ఒకే ఫైల్) సోర్స్‌గా చూపించే దారి ఉంది గానీ నాకంత ఓపిక లేదు, అదే ఐఎస్‌ఓలోని సెటప్‌ని విండోస్ లోపలినుంచే నడిపి, ఫైళ్లు, యాప్‌లు ఉంచు అన్నది ఎంచుకుంటాను. టైమ్ పడుతుంది, తలనొప్పి మాత్రం తక్కువ.

ఇక కార్డు డ్రైవర్ పోయినవాళ్లు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న అడాప్టర్ ప్రాపర్టీస్ చూడండి. కోడ్ 39 అంటే డ్రైవర్ ఫైల్ పాడైంది లేదా లేదు, 28 అంటే డ్రైవర్ ఇన్‌స్టాలే కాలేదు, 10 అంటే పరికరం స్టార్ట్ కాలేదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. అన్‌ఇన్‌స్టాల్ చేశాం, రీస్టార్ట్ చేశాం, మళ్లీ అదే కోడ్ 39 వచ్చింది, మళ్లీ చేశాం, మళ్లీ వచ్చింది... రాక ఏం చేస్తుంది? అన్‌ఇన్‌స్టాల్ నొక్కగానే వచ్చే చిన్న కిటికీలో, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని కూడా తీసేయాలా అని ఒక గడి ఉంటుంది, దాంట్లో టిక్ పెట్టకుండా ఓకే కొడుతున్నారు. టిక్ లేకపోతే జాబితాలో ఆ పేరు పోతుందంతే, డ్రైవర్ కాపీ డ్రైవర్‌స్టోర్ ఫోల్డర్‌లో పదిలంగా ఉంటుంది. రీస్టార్ట్ కాగానే విండోస్ కార్డుని కొత్తగా చూసి ఆ కాపీనే తెచ్చి పెడుతుంది. కాపీ బాగుంటే బతికిపోయారు, పాడైతే ఏడాదంతా చేసినా అంతే. అప్‌డేట్ డ్రైవర్ నొక్కినా, మంచి డ్రైవరే ఉందని చెప్పి పంపించేస్తుంది. కాబట్టి టిక్ పెట్టండి. అయితే టిక్ పెట్టే ముందే కొత్త డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. గడే కనిపించకపోతే అది విండోస్‌తోపాటు వచ్చిన డ్రైవర్ అయ్యుంటుంది, ఎస్‌ఎఫ్‌సీ దగ్గరికి వెళ్లండి.

ఏ డ్రైవర్ అంటారా, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వెన్ (VEN, అంటే తయారీదారు కోడ్) పక్కన 10ఈసీ (10EC) ఉంటే రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్, 168సీ (168C) ఉంటే ఏథరోస్. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి దించుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్తే పోయినసారి పాఠం మళ్లీ చదువుకోవాల్సి రావచ్చు.

అభ్యాసం: బాగా పనిచేస్తున్న సొంత కంప్యూటర్‌లో (ఆఫీసుది వద్దు) వైఫై కార్డు హార్డ్‌వేర్ ఐడీ కాగితం మీద రాసుకుని, దానికి సరిపోయే డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే పాత స్థితికి వెళ్లడానికి గుర్తు) చేసి, టిక్ పెట్టి అన్‌ఇన్‌స్టాల్ చేసి, నెట్ సాయం లేకుండా వైఫైని వెనక్కి తెచ్చుకోండి. టెథరింగ్ వాడితే లెక్కలోకి రాదు.