గోడ మీద బుస్సీ: నలభై ఏళ్ల జీవితాన్ని ఇరవై అడుగుల చార్టుగా కట్టే పద్ధతి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ హైస్కూలు పిల్లవాణ్ణి అడిగినా ఫ్రెంచి సేనాని బుస్సీ అంటే ఒకే ఒక్క రోజు చెబుతాడు: 1757 జనవరి 24, బొబ్బిలి కోట. అంతకుముందు అతను ఎక్కడున్నాడు, మన కోట దగ్గర అతనికేం పని, ఆ తరవాత ఏమయ్యాడు అన్నది పాఠంలో రెండు వాక్యాలు దాటదు. ఆ లోటు తీర్చడానికి స్కూలు వరండా గోడ మీద కట్టుకోగలిగిన చార్టు ఇది. ఏటా జనవరి 24 నాటికి సిద్ధం కావాలంటే సంక్రాంతి సెలవుల ముందే కాగితం అతికించేసి, సెలవులయ్యాక కార్డులు పెట్టండి. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం మొదలుపెట్టకండి. తుపాను గాలికి సున్నం గోడ చెమ్మగిల్లి, అతికించిన కాగితం అంచులు లేచిపోతాయి.

ఒకే పట్టీ మీద అంతా చూపించాలనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. 1746 నుంచి 1785 దాకా 40 ఏళ్లు. ఏడాదికి 6 అంగుళాలిస్తే సరిగ్గా 20 అడుగులొస్తుంది, బాగానే ఉంటుంది. కానీ మన ప్రాంతానికి సంబంధించిన ఘట్టమంతా 1756 నవంబరు, 1758 జూన్ మధ్య 20 నెలల్లో ఇరుక్కుని ఉంది. ఆ కొలతలో దానికి దక్కేది 10 అంగుళాలే, అందులో రెండు కార్డులు కూడా పట్టవు. అందుకని రెండు పట్టీలు వేయండి. పైది జీవితం మొత్తం, ఏడాదికి 6 అంగుళాలు. కిందది ఆ 20 నెలలు, నెలకు ఒక అడుగు. రెండూ 20 అడుగులే కాబట్టి ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

22 × 28 అంగుళాల చార్టు షీట్లు పట్టీకి 9 చొప్పున 18 కావాలి, పాడైతే వాడుకోవడానికి ఇంకో 2 తెచ్చుకోండి. పొడవు వైపున అర అంగుళం ఒకదానిమీదొకటి వచ్చేలా అతికిస్తే 248 అంగుళాలొస్తుంది, మిగిలిన 8 అంగుళాలు చివర కత్తిరించేయండి. జిగురుకి పావుకిలో మైదా, లీటరుంపావు నీళ్లు. ముందు మైదాను చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, తరవాత సన్నని సెగ మీద ఆపకుండా తిప్పాలి. నేరుగా మరిగే నీళ్లలో పోస్తే ఉండకట్టి, అతికించినచోట కాగితం బుడిపెలు తేలుతుంది. బొద్దింకలు కొట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం పుస్తకాలు కుట్టేవాళ్ల పద్ధతి. అది విషం కాబట్టి ఆ పని మాస్టారే చేయాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు.

పేరు దగ్గర కాస్త జాగ్రత్త. పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిసియే, మార్కీ ద బుస్సీ-కాస్తెల్నో. ఇందులో మార్కీ అనేది పేరు కాదు, ఫ్రాన్సులో ప్రభువర్గపు హోదా. చాలా చార్టుల్లో అదే పేరనుకుని రాసేస్తారు. నిజాం దర్బారులో అతనికి దక్కిన బిరుదు గజన్‌ఫర్ జంగ్. శీర్షికలో మన వాళ్ల నోట నలిగిన 'బుస్సీ' చాలు.

కార్డులు 4 × 6 అంగుళాలవి, రెండు రంగుల్లో కత్తిరించండి. కత్తితో చేసిన పనికి నీలం, మాటతో, కాగితంతో చేసిన పనికి పసుపు. మొదటి నీలం కార్డు 1746 మద్రాసు ముట్టడి. ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లాబూర్దొనే వెంట ఫ్రెంచి దీవి నుంచి, అంటే నేటి మారిషస్ నుంచి, వచ్చాడు. రెండోది 1749 ఆగస్టు 3, ఆంబూరు యుద్ధం, ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ చచ్చిపోయింది అక్కడే. ఎడమ అంచు నుంచి 1 అడుగు 9½ అంగుళాల దగ్గర పెట్టాలి. మూడోది 1750 సెప్టెంబరు, చెంజి కోట.

1751 దగ్గర రంగు మారుతుంది, పిల్లల్ని అక్కడ ఆపండి. పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి గవర్నరు డూప్లే పంపగా కొత్త నిజాం ముజఫర్ జంగ్‌కు కాపుగా బుస్సీ బయల్దేరాడు. కడప సీమలో పఠాను నవాబులతో జరిగిన కొట్లాటలో ముజఫర్ జంగ్ చనిపోయాడు. ఎవరికోసం వచ్చాడో ఆ మనిషే లేడు. బుస్సీ వెనక్కి తిరగలేదు, ఆ దండులోనే ఉన్న సలాబత్ జంగ్‌ను నిజాంగా నిలబెట్టాడు. ఆ కార్డు పసుపు. అక్కణ్ణుంచి ఏడేళ్లు దక్కన్ రాజకీయం అతని మాట మీద నడిచింది.

ఇక పసుపు దారం. ఈ చార్టుకు ప్రాణం అదే. 8 మీటర్ల దారం తీసుకుని జీతాల లెక్క ఉన్న కార్డులన్నిటినీ కలుపుతూ గుండుసూదులతో బిగించండి. ఇది లేకపోతే బొబ్బిలి యుద్ధం బొబ్బిలి, విజయనగరం జమీందారుల పగగా మాత్రమే కనిపిస్తుంది. పగ నిజమే, కానీ దాని వెనకాల జీతం బాకీ ఉంది. బుస్సీ సైన్యానికి జీతాలిచ్చే పూచీ నిజాంది. 1753లో బుస్సీ జబ్బుచేసి బందరు వెళ్లగానే జీతాలు ఆగిపోయి, సైన్యం తలో దిక్కుకీ పోయింది. అతను తిరిగొచ్చి ఆ ఏడాది నవంబరులో ఔరంగాబాదులో ఒప్పందం రాయించుకున్నాడు: ఇకమీదట జీతాలకు బదులు ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల, అంటే అప్పటి కోస్తా జిల్లాల, ఆదాయం. ఒక్క తుపాకీ పేలకుండా నాలుగు సర్కార్లు చేతికొచ్చాయి. ఈ పసుపు కార్డు 3 అడుగుల 11 అంగుళాల దగ్గర వస్తుంది, మిగతావాటికంటే పెద్దది చేయండి. అప్పటినుంచి మన జమీందార్లు కట్టే పేష్కష్, అంటే కప్పమే, ఫ్రెంచి సిపాయి జీతం. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది బుస్సీకి దండు నిలుస్తుందా చెదురుతుందా అన్న ప్రశ్న.

కింది పట్టీ 1756 నవంబరుతో మొదలవుతుంది. హైదరాబాదు దర్బారు అదే ఏడాది అతన్ని కొలువు నుంచి తీసేయడం, చార్‌మహల్ భవనంలో అతను నిలదొక్కుకోవడం, ఆగస్టులో రాజీ పడడం జరిగిపోయాయి. నవంబరులో సుమారు 500 మంది యూరోపియన్లు, 4000 మంది సిపాయిలతో సర్కార్ల వసూళ్లకు కదిలాడు. విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు తన బలగంతో వచ్చి కలిశాడు. బొబ్బిలి రంగారావుకు బుస్సీ పెట్టిన షరతు కార్డు మీద తప్పకుండా ఉండాలి: బొబ్బిలి వదిలెయ్, వేరేచోట ఇంతకంటే ఎక్కువ భూమి ఇస్తాను. లెక్క చూసేవాడికి అది మంచి బేరం. తాతలనాటి గడ్డ మీద ఉన్నవాడికి అది అవమానం. ఆ తేడా బుస్సీ దౌత్యానికి అందలేదని నా అభిప్రాయం.

జనవరి 24 కార్డు 2 అడుగుల 9 అంగుళాల దగ్గర. తెల్లవారుతూనే మొదలైన ఫిరంగులు మధ్యాహ్నం దాటాక ఆగాయి. కోటలో ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేత పడకుండా వాళ్లవాళ్ల చేతుల్లోనే పోయారు, రంగారావు పోరులో పడ్డాడు, అతని చిన్న కొడుకు బతికాడు. నాలుగు వాక్యాల్లో చాలించండి. ఎర్ర రంగు చల్లడం, మంటల బొమ్మలు వేయడం వద్దు, చూసేవాళ్లలో ఆరో తరగతి పిల్లలుంటారు. మూడో రాత్రి విజయరామరాజును డేరాలో పొడిచి చంపడం, జనం నోట తాండ్ర పాపారాయుడి పని, అంగుళం దూరంలోనే వస్తుంది. రెండు కార్డులు ఒకదానిమీదొకటి పడతాయి కాబట్టి దాన్ని పైకి పెట్టి బాణం గుర్తు గీయండి.

ఇక్కడ తేదీల్లో రెండు పొరపాట్లు ఎక్కువగా దొర్లుతాయి. యుద్ధం జరిగింది ధాత నామ సంవత్సరంలో. ధాత 1756 ఉగాదితో మొదలైంది కాబట్టి కొందరు యుద్ధాన్ని 1756 అని వేస్తారు, జనవరి వచ్చేసరికి అది 1757. రెండోది, 1794 జులైలో పద్మనాభం దగ్గర ఇంగ్లీషువాళ్లతో పోరాడి పడిపోయిన చిన విజయరామరాజును ఈ కథలోకి తేవడం. ఆయన వేరు. మ్యాపు పెట్టేటప్పుడు ఒకమాట: పాపారాయుడి రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది, పాత మ్యాపు పెడితే శ్రీకాకుళంలో చూపిస్తుంది.

తరవాతవి త్వరగా పెట్టేయొచ్చు. 4 అడుగుల 8½ అంగుళాల దగ్గర మార్చి 23, బెంగాల్లో ఫ్రెంచివాళ్ల చంద్రనగర్ ఇంగ్లీషువాళ్ల చేతికి పోవడం. 7 అడుగుల 10 అంగుళాల దగ్గర జూన్ 25, విశాఖపట్నంలో ఇంగ్లీషు కోట బుస్సీకి లొంగడం. 17 అడుగుల 11 అంగుళాల దగ్గర 1758 ఏప్రిల్ 28, కొత్త సేనాని లాలీ ఓడ దిగడం. మే నెలలో ఔరంగాబాదులో బుస్సీ దివాను హైదర్ జంగ్ హత్య. జూన్‌లో లాలీ అతన్ని దక్కన్ వదిలి రమ్మన్నాడు. పట్టీ అక్కడ అయిపోతుంది, పసుపు దారం కూడా అక్కడే తెంపండి. ఆరు నెలలు తిరక్కుండానే విజయనగరం ఆనంద గజపతిరాజు పిలుపు మీద వచ్చిన ఇంగ్లీషు సేనాని ఫోర్డు, డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించాడు. 1759 ఏప్రిల్లో బందరు కూడా పోయింది.

పై పట్టీలో 7 అడుగుల దగ్గర 1760 జనవరి 22, వందవాసిలో బుస్సీ ఇంగ్లీషువాళ్లకు బందీ. ఆ తరవాత 11 అడుగులకు పైగా ఖాళీ. అతను ఫ్రాన్సులో ఉన్న కాలం అది. బొమ్మలతో నింపేయాలనిపిస్తుంది, నింపకండి. ఆకుపచ్చ కలంతో మన సర్కార్ల గతి మాత్రం రాయండి: 1765లో ఢిల్లీ ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, సర్కార్లు ఇంగ్లీషువాళ్లకు. నల్ల సిరాతో 10 అడుగుల 2 అంగుళాల దగ్గర లాలీకి పారిస్‌లో శిరచ్ఛేదం, 1766 మే 9.

18 అడుగుల 7 అంగుళాల దగ్గర 1783 మార్చి, కీళ్లవాతంతో నడవలేని ముసలి బుస్సీ మళ్లీ భారత తీరాన దిగాడు. హైదర్ అలీతో చేయి కలపాలని వచ్చాడు, హైదర్ అప్పటికే 1782 డిసెంబరులో పోయాడు. జూన్‌లో కడలూరు యుద్ధం, నెలాఖరుకు యూరపు నుంచి సంధి వార్త. 19 అడుగుల 6 అంగుళాల దగ్గర ఆఖరి కార్డు: 1785 జనవరి 7, పుదుచ్చేరి.

దించేటప్పుడు ముందు సూదులన్నీ లెక్కపెట్టి తీసి, దారాన్ని విడిగా చుట్టి, కాగితాన్ని బొమ్మ వైపు బయటికి వచ్చేలా గొట్టం మీద చుట్టండి. లోపలికి చుడితే కార్డులు మడతపడి జిగురు వదిలేస్తుంది.