దేశం పేరును ఇంగ్లీషు విశేషణంగా మార్చేటప్పుడు

ఇతరులు రాసిన ఇంగ్లీషు దిద్దడం నా పని. నా ఎర్ర పెన్ను ఎక్కువగా ఆగేది దేశాల పేర్ల దగ్గరే. కారణం ఊహించడం కష్టం కాదు. తెలుగులో జపాన్ కారు, ఫ్రాన్స్ అధ్యక్షుడు అని దేశం పేరును అలాగే ముందు పెట్టేస్తాం. ఇంగ్లీషులో చాలావరకు అలా కుదరదు. జపనీస్ కార్, ఫ్రెంచ్ ప్రెసిడెంట్ అనాలి.

ముందుగా ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: దేశం, విశేషణం, మనిషి. చాలామంది మూడో గడి వదిలేస్తారు, తంటా అంతా అక్కడే. ఇండియా, ఇటలీ, బ్రెజిల్ లాంటివాటికి పేచీ లేదు: ఇండియన్, ఇటాలియన్, బ్రెజిలియన్ అన్నది విశేషణమూ అదే, మనిషీ అదే. చివర ‘ఇష్’ వచ్చేవాటితోనే జాగ్రత్త. స్పెయిన్‌కు విశేషణం స్పానిష్, మనిషి స్పానియర్డ్. పోలండ్‌కు పోలిష్, పోల్. స్వీడన్‌కు స్వీడిష్, స్వీడ్. టర్కీకి టర్కిష్, టర్క్. అందుకే ‘షీ ఈజ్ ఎ స్పానిష్’ తప్పు. మూడో గడి గుర్తు రాకపోతే టెన్షన్ అక్కర్లేదు, ఆ ‘ఎ’ తీసేసి ‘షీ ఈజ్ స్పానిష్’ అనండి. ఈ ఉపాయం విశేషణం ఉన్న ఏ దేశానికైనా పనికొస్తుంది.

చివర ‘ఈజ్’, ‘ఈస్’ అని పలికే చైనీస్, జపనీస్, వియత్నమీస్ లాంటివాటికి బహువచనంలో ఎస్ చేర్చకూడదు. ఒకరైనా పదిమందైనా జపనీసే. స్పెల్లింగులో నన్ను బాగా విసిగించేది పోర్చుగీస్: జీ తర్వాత యూ ఉండాలి, సగం మంది దాన్ని మింగేస్తారు.

పాకిస్తానీ, ఇరాకీ, ఇజ్రాయెలీ, బంగ్లాదేశీ చూసి అదే ఊపులో ‘అఫ్గానీ ఫుడ్’ అని రాస్తారు. అఫ్గానీ అక్కడి కరెన్సీ పేరు. తిండికీ మనుషులకూ అఫ్గాన్ అని రాయడమే మేలు. ఫిలిప్పీన్స్ ఇంకా గమ్మత్తు: దేశం పేరు పీ హెచ్‌తో మొదలవుతుంది, మనిషిని చెప్పే ఫిలిపినో మాత్రం ఎఫ్‌తో. ప్రభుత్వం గురించైతే ఫిలిప్పీన్ గవర్నమెంట్ అంటారు.

ఏ సూత్రానికీ లొంగనివి కొన్ని ఉన్నాయి, వాటిని బట్టీ పట్టాల్సిందే: నెదర్లాండ్స్‌కు డచ్, స్విట్జర్లాండ్‌కు స్విస్, థాయిలాండ్‌కు థాయ్, సైప్రస్‌కు సిప్రియట్. చివర ‘ల్యాండ్’ ఉంది కదా అని ఐరిష్, ఫిన్నిష్ లెక్కన ‘ఐసిష్’ అనేయకండి, అది ఐస్లాండిక్. న్యూజిలాండ్‌కు మాత్రం మామూలుగా వాడే విశేషణమే లేదు. న్యూజిలాండ్ గవర్నమెంట్ అనే రాస్తారు. మన తెలుగు అలవాటు అక్కడ ఏ దిద్దుబాటూ లేకుండా చెల్లిపోతుంది.

ఈ విశేషణాలన్నిటికీ వాక్యం మధ్యలో ఉన్నా మొదటి అక్షరం క్యాపిటల్. మన లిపిలో ఆ గొడవే లేదు కాబట్టి తొందరగా మరిచిపోతాం. ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటి ఒకటి రెండు మాటలను చిన్న అక్షరంతో చూపే నిఘంటువులు ఉన్నాయి, వాటిని చూసి మిగతావీ మార్చేయకండి.

ఇక వరస. ఒకే నామవాచకం ముందు రెండు మూడు విశేషణాలు పడితే రంగు, ఆ తర్వాత దేశం, ఆ తర్వాత దేనితో చేశారన్నది రావాలి. బ్లాక్ ఇటాలియన్ లెదర్ షూస్ సరైనది. ‘ఇటాలియన్ బ్లాక్ లెదర్ షూస్’ కనిపిస్తే నేను ఆ రెండు మాటలకూ చోటు మార్చి ముందుకెళ్తాను.