వీఆర్‌లో ఇద్దరం కలిసి గేమ్ కడదాం – 4వ భాగం: ఒకరు లోపల, ఒకరు పైన

కళ్లకు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టుకుని ఇద్దరూ ఒకే వర్చువల్ గదిలోకి చేరడం, మైకులు సరిచూసుకోవడం పోయిన భాగంలో అయిపోయాయి. ఇక లెవెల్, అంటే ఆటలో ఒక అంచె, కడదాం. ఇందుకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని తీసుకుంటున్నా. నల్లగొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: అది కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం. మూడు గర్భగుడుల్లో ఒకదానిలో స్తంభం నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. నేరుగా పడే ఎండతో ఏర్పడే నీడ కాదు మరి. చుట్టుపక్కల చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తే పడే నీడ.

మన ఆట ఇలా ఉంటుంది. ఒక ఆటగాడు గర్భగుడిలో ఉంటాడు, అతనికి నీడ కనిపిస్తుంది. రెండోవాడు మండపంలో ఉంటాడు, స్తంభాలు జరపగలడు కానీ నీడ చూడలేడు. మాట్లాడుకుంటే తప్ప తలుపు తెరుచుకోదు.

దీన్ని కట్టేటప్పుడూ పని అలాగే పంచుకోండి. గ్రావిటీ స్కెచ్ లాంటి, వీఆర్‌లోనే త్రీడీ ఆకారాలు గీసే యాప్‌లలో రెండు చేతుల్లోని కంట్రోలర్ల గ్రిప్ బటన్లు నొక్కి చేతులు దగ్గరకు తెస్తే గుడి మొత్తం బల్ల మీద బొమ్మంత అవుతుంది. ఒకరు అలా పైనుంచి గోడలు, స్తంభాలు సర్దాలి. రెండోవారు నిలువెత్తు సైజులో లోపల నిలబడి చూడాలి. కంప్యూటర్ తెర మీద బాగున్న ద్వారం లోపల నిలబడితే నుదుటికి తగులుతుంది. గర్భగుడి ద్వారం కాబట్టి వంగి వెళ్లనివ్వచ్చు, నాకైతే అదే బాగుంటుంది. కానీ కుర్చీలో కూర్చుని ఆడేవాళ్ల సంగతీ చూసుకోవాలి.

లోపలివారు, పైవారు ఇలా మాట్లాడుకుంటారు:

"అన్నా, గడప దగ్గరున్నా. నీడ కనబడ్తలేదు."
"ఏ స్తంభం అడ్డమొస్తుంది?"
"ఇగో, చెయ్యి పెట్టిన చూడు."

చిక్కు ఇక్కడే. గుడిని బొమ్మంత చేసుకున్న అన్నకు ఆ చెయ్యి చీమంత. అందుకే లోపలివారు వేలు చూపించి ఊరుకోకుండా అక్కడో ఎర్ర గోళం పెట్టాలి. సర్దడం అయ్యాక దాన్ని తీసేయాలి. ఒకే స్తంభాన్ని ఇద్దరూ పట్టుకుంటే అది ఎవరో ఒకరి చేతిలోకి గెంతుతుంది. కాబట్టి ముట్టుకునే ముందు "పట్టుకుంటున్నా" అని పైకి అనండి. ఇరవై నిమిషాలకోసారి స్థానాలు మార్చుకోండి. పైనున్నవారికి కాసేపటికి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే యాప్‌లో మాట ఆపేయండి, లేదంటే ప్రతిదీ రెండుసార్లు వినిపిస్తుంది. కోడ్ మాత్రం హెడ్‌సెట్‌లో రాయొద్దు. గాల్లో తేలే కీబోర్డు మీద నాలుగు లైన్లు కొట్టేలోపు ఓపిక పోతుంది.

ఇక నీడ. కంప్యూటర్‌కు తగిలించని హెడ్‌సెట్‌లో ఉండేది ఫోన్ తరహా చిప్. సెకనుకు 72 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) అంటే ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 14 మిల్లీసెకన్లే. అంతలో కదిలే నీడలను లెక్కగట్టడం దానికి బరువు. కదలని నీడనైతే ముందే గోడ రంగులో కలిపేయొచ్చు, దీన్నే బేకింగ్ అంటారు. అసలు గుడిలో నీడ కదలదు, కానీ మన ఆటలో స్తంభాలు కదులుతాయి. నేను చెప్పే ఉపాయం: ఒక్కో స్తంభానికి మూడే స్థానాలు ఇవ్వండి. ఒక్కో స్థానానికి ఒక నీడ బొమ్మ ముందే చేసిపెట్టుకుని, స్తంభం అక్కడికి రాగానే గోడ మీద దాన్ని చూపించండి. ఆడేవాళ్లకు తేడా తెలియదు. ఇప్పుడు నమూనా దశే కాబట్టి గోడకు బూడిదరంగు పలక ఆనిస్తే చాలు, స్తంభం జరిగినప్పుడల్లా పైవారు దాన్ని చేత్తో జరుపుతారు.

ఈ వారం పని: ఒక గది, నాలుగు స్తంభాలు, ఒక పలక. తయారయ్యాక ఆట తెలియని ఒకరికి హెడ్‌సెట్ పెట్టి, ఏమీ చెప్పకుండా మొదట ఎటు చూస్తారో గమనించండి. గోడ వైపు కాకుండా ద్వారం వైపు చూస్తే వెలుతురు తప్పుచోట పెట్టినట్టు.

వచ్చే భాగంలో దీన్ని యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తాం. ఆలోపు ప్రతి వస్తువుకూ పేరు పెట్టండి: స్తంభం ఎడమ 1, స్తంభం కుడి 2, అలా.