గర్భిణి గంజాయి వాడినప్పుడు: డాక్టరుకు ఎలా చెప్పాలి, పుట్టిన బిడ్డ పరీక్షను ఎలా అర్థం చేసుకోవాలి

తిరుపతి చుట్టుపక్కల మండలాల నుంచి కాన్పు కోసం వచ్చే స్త్రీలతో మాట్లాడడం నా పని. గంజాయి సంగతిని వారెవరూ నేరుగా ఎత్తరు. చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక ఐదో నెల గర్భిణి, పక్కనే కూర్చున్న అత్తగారు స్కానింగు కాగితానికి జిరాక్సు తీయించడానికి లేచేదాకా ఆగి, చేతిలోని తల్లీబిడ్డల కార్డు అంచును మడుస్తూ, విప్పుతూ, "అక్కా, బిడ్డ పుట్టినాక కాలి మడమలో రక్తం తీస్తారంట గదా, దాంట్లో నేను తాగింది తెలిసిపోతుందా? బిడ్డను ఎత్తుకుపోతారా?" అని అడిగింది. అమెరికాలో ఎవరి బిడ్డనో అధికారులు తీసుకుపోయిన వీడియో ఒకటి ఫోనులో చూసి, ఆ భయంతో ఆమె రెండు నెలలుగా చెకప్‌లకు రావడం మానుకుంది. గంజాయి ఎంత చెరుపు చేసిందో గానీ, రక్తహీనత ముదిరిపోయింది మాత్రం ఆ రెండు నెలల్లోనే.

ఆమె అడిగిన దానికి ముందు జవాబు చెబుతాను. మన ఆసుపత్రుల్లో బిడ్డ మడమ నుంచి తీసే రక్తపు చుక్కలు థైరాయిడ్ వంటి పుట్టుకతో వచ్చే లోపాలను పసిగట్టడానికి ఉద్దేశించినవి. వాటిలో మత్తు పదార్థాలను వెతకరు. పుట్టిన ప్రతి బిడ్డకూ మత్తు పరీక్ష చేసే పద్ధతి మన దేశంలో లేదు. బిడ్డకు కారణం తెలియని ఫిట్స్, ఆగని వణుకు, ఊపిరి ఇబ్బంది వంటివి వచ్చినప్పుడు మాత్రమే పిల్లల డాక్టరు అటువంటి పరీక్ష గురించి ఆలోచిస్తారు. తల్లి ముందే నిజం చెప్పి ఉంటే, ఆ ఆలోచనకు పట్టే సమయం కూడా బిడ్డకు కలిసివస్తుంది.

ఇక చేయవలసిన పనుల్లో మొదటిది ఈ రోజే ఆపడం. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి అది తల్లి ఒంట్లో నిలవ ఉంటుంది, మాయను దాటి బిడ్డకూ చేరుతుంది. వాడిన తల్లుల్లో నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, పుట్టగానే ఐసీయూలో పెట్టవలసి రావడం ఎక్కువగా కనిపిస్తాయి. ఇంత మోతాదైతే పరవాలేదని చెప్పగల కొలత ఏదీ లేదు. ఏడో నెలలో ఉన్నాం కదా, ఇక ఆపి ఏం లాభమని అనుకోకూడదు. బిడ్డ బరువు పెరగడంలో చివరి మూడు నెలలదే పెద్ద వాటా.

రోజూ అలవాటున్నవారు ఆపిన తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం మొదలై, మొదటి వారంలో ఎక్కువై, సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటాయి. ఇది కష్టమే గానీ ప్రాణాపాయం కాదు. మద్యం లేదా నిద్రమాత్రలు కూడా వాడుతున్నవారు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. వాటిని హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించాలి. సిగరెట్టులో కలిపి తాగేవారు పొగాకును కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే గంజాయి మానేసి సిగరెట్లు పెంచుకుంటే బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

వేవిళ్లు తట్టుకోలేక మొదలుపెట్టామని చెప్పేవారు ఉన్నారు. వారికి విటమిన్ బీ6, డాక్సిలమిన్ కలిసిన మాత్ర ఉంది. గర్భిణులకు దశాబ్దాలుగా ఇస్తున్న మందు అది, డాక్టరు చీటీ మీద తెచ్చుకోవచ్చు. ఎక్కువ కాలం గంజాయి వాడినవారిలో గంజాయే ఆగని వాంతులకు కారణమయ్యే జబ్బు ఒకటుందని, వేడినీళ్లు పోసుకుంటే తాత్కాలికంగా ఉపశమనం కలగడం దాని గుర్తు అని కూడా తెలుసుకోవాలి. అటువంటివారు వాంతులకని మళ్లీ గంజాయి తాగితే అదే గుండ్రంలో తిరుగుతూ ఉంటారు.

పొగ తాగితేనే గంజాయి అని అనుకోవడం మరో పొరపాటు. చాక్లెట్ల రూపంలో వస్తున్నది కూడా అదే. బలానికనీ, నిద్రకనీ ఇంట్లో పెద్దలు తెచ్చే లేహ్యాల్లో కొన్నింటిలో గంజాయి ఆకు ఉంటుంది. సీసా మీద 'విజయ' అనో, 'భంగ' అనో రాసి ఉంటే అదేనని గ్రహించి పక్కన పెట్టాలి. భర్త గదిలోనే తాగుతుంటే ఆ పొగ కూడా గర్భిణికి మంచిది కాదు. ఆయనను మేడ మీదికో, వీధిలోకో పంపడానికి బిడ్డ పేరు చెప్పడం తప్పేమీ కాదని నేను చాలామందికి చెప్పాను.

రెండో పని డాక్టరుకు చెప్పడం. దీనికి ఏకాంతం కావాలి, మన ఓపీల్లో దొరకనిది అదే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి గానీ, ఆ రోజు రద్దీలో ఈ మాట ఎత్తడం కష్టం. వీలైతే మామూలు రోజున, పొద్దున్నే వెళ్లడం మేలు. నర్సుతో, "డాక్టరమ్మతో నేను ఒక్కదాన్నే రెండు నిమిషాలు మాట్లాడాలి" అంటే చాలు, కారణం చెప్పనక్కరలేదు. లోపలికి వెళ్లాక ఏ రూపంలో, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నెలలుగా వాడారో, చివరిసారి ఏ తేదీన వాడారో, దానితో పాటు పొగాకు, మద్యం, మాత్రలు ఏవైనా ఉన్నాయేమో చెప్పాలి. నోరు రాకపోతే చీటీ మీద రాసి అందించవచ్చు. ఆ చంద్రగిరి అమ్మాయి చేసిందదే. మందుల చీటీ వెనక నాలుగు ముక్కలు రాసి డాక్టరు ముందు పెట్టి, తలొంచుకుని కూర్చుంది. డాక్టరు చదివి, చీటీని చించి బుట్టలో వేసి, బరువు చూసుకోవడానికి ఎక్కమన్నారు.

పోలీసుల భయం గురించి కొంత వివరంగా చెప్పాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు పదార్థాల నియంత్రణ చట్టంలోని 27వ సెక్షను ప్రకారం గంజాయి వాడడం నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే చట్టంలోని 64ఎ సెక్షను మాత్రం, వ్యసనానికి లోనై, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో తమంతట తాము చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేసేవారికి వాడకం మీద, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరాల మీద విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ సెక్షను గురించి తెలిసినవారు తక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మత్తు వాడకంతో వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుని, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును ఇచ్చింది. మానసిక చికిత్సాలయంలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలు పరిస్థితుల్లో వేరు చేయకూడదని కూడా చెప్పింది. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. ఊళ్లో తెలిసిపోతుందనుకునేవారు ముందుగా 14446 వ్యసన విముక్తి నంబరుకు గానీ, మానసిక ఆరోగ్య సలహాలిచ్చే 14416 టెలీ మానస్‌కు గానీ ఫోను చేసి మాట్లాడవచ్చు.

కూతురు అమెరికాలో కాన్పు కాబోతుంటే లెక్క వేరు. అక్కడ రాష్ట్రానికొక నిబంధన, ఆసుపత్రికొక పద్ధతి. గంజాయి అమ్మకం చట్టబద్ధమైన రాష్ట్రంలో కూడా బిడ్డ పరీక్షలో అది కనిపిస్తే పిల్లల సంరక్షణ విభాగానికి సమాచారం వెళ్లవచ్చు. ఆ సమాచారం వెళ్లడం అంటే బిడ్డను తీసుకుపోవడమని కాదు, చాలాసార్లు ఇంటికి వచ్చి విచారించి, సంరక్షణ ప్రణాళిక ఒకటి రాసుకుంటారు. తల్లి సమ్మతి లేకుండా మూత్రం పరీక్షించి పోలీసులకు అందించడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2001లో ఛార్ల్‌స్టన్ నగరానికి సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. కాబట్టి ఏడో నెలలోనే డాక్టరును, "మీ ఆసుపత్రిలో ఎవరికి పరీక్ష చేస్తారు, సమ్మతి అడుగుతారా, ఫలితం ఎవరికి వెళుతుంది" అని అడిగి తెలుసుకోవాలి. వీసా మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవారు గంజాయి వాడామని వలస అధికారుల ముందు ఒప్పుకుంటే చిక్కులు వస్తాయి. డాక్టరుకు చెప్పడం వేరు, అధికారికి చెప్పడం వేరు, రెండో దానికి ముందు లాయరును కలవాలి.

పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు దాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. మూత్రంలో గంజాయి ఎప్పుడో ఒకసారి వాడినవారికి సుమారు మూడు రోజులు, రోజూ వాడినవారికి నెల రోజులు, కొందరికి అంతకుమించి కూడా కనిపిస్తుంది. బిడ్డ మొదటి రెండు మూడు రోజుల్లో పోయే తారులాంటి నల్లటి మలం గర్భం రెండో సగంలో జరిగిన వాడకాన్ని చూపగలదు. బొడ్డుతాడు ముక్కతో చేసే పరీక్ష కూడా దాదాపు అంతే. పాజిటివ్ అని వచ్చిన తొలి పరీక్ష అంతిమం కాదు. కడుపులో మంటకు వేసుకునే పాంటాప్రజోల్ తల్లి మూత్రపరీక్షను, కొన్ని రకాల శిశు సబ్బులు బిడ్డ మూత్రపరీక్షను తప్పుదారి పట్టించిన సందర్భాలున్నాయి. అందువల్ల పదార్థాన్ని కచ్చితంగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో నిర్ధారణ పరీక్ష చేయించమని కోరాలి, వాడుతున్న మందులన్నిటి పేర్లూ ఇవ్వాలి. ఒంటిని కడిగేస్తాయని అమ్మే పానీయాలు, లీటర్ల కొద్దీ నీళ్లు తాగడం గర్భిణికి ప్రమాదం; వాటి జోలికి పోకూడదు.

పాల సంగతి మిగిలింది. తల్లి తాగిన గంజాయి పాలలోకి దిగుతుంది, వాడిన ఆరు రోజుల తర్వాత కూడా పాలలో కనబడింది. కాబట్టి సీసాలోకి పిండి పారబోసి, మరుసటి పూట ఇస్తే సరిపోతుందన్న లెక్క పనికిరాదు. మానేసిన తల్లి ముర్రుపాలతో సహా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. మానలేకపోతున్న తల్లి పాలివ్వాలా వద్దా అన్నది పిల్లల డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. ఆరు వారాల టీకాకు వెళ్లినప్పుడు బిడ్డను తప్పక తూకం వేయించి, కార్డులోని పెరుగుదల గీత మీద చుక్క పెట్టించాలి. ఆ చుక్క గీత కిందికి జారుతుంటే గర్భంలో జరిగిన వాడకం గురించి డాక్టరుకు మరోసారి గుర్తు చేయాలి.