కృష్ణా మొగలో తెలియని ప్లవకాలు: సమస్య – పరిష్కారం

గుంటూరు, విజయవాడ కళాశాలల నుంచి ప్లవకాల (నీటి ప్రవాహంతో తేలిపోయే చిన్న జీవుల) నమూనాల కోసం నిజాంపట్నం, హంసలదీవి వైపు వెళ్లే జంతుశాస్త్ర విద్యార్థులకూ, అక్కడి కాలువల నుంచి చెరువులకు నీరు తోడుకునే రొయ్యల రైతులకూ ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: పోయినసారి వలలో విస్తారంగా పడిన జీవులు ఈసారి లేవు, ఎన్నడూ చూడనివి వచ్చాయి.

కారణం: చాలాసార్లు ఇది పరదేశపు జీవుల పని కాదు, ఉప్పు శాతంలో వచ్చిన మార్పు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయింది. అంతటి ప్రవాహం రోటిఫర్లనే అతిచిన్న మంచినీటి జీవులనూ, డాఫ్నియా వంటి నీటి ఈగలనూ సముద్రం అంచుదాకా మోసుకుపోతుంది. గేట్లు మూసి ఉండే వేసవిలో ఉప్పునీరు పైకి ఎగదన్ని, కోపిపాడ్లనే రొయ్య జాతి చిన్న సముద్రపు జీవులు మొగలోకి, అంటే నది సముద్రంలో కలిసేచోటికి, చొరబడతాయి. రెండు గుంపులూ మనవే.

పరిష్కారం: రిఫ్రాక్టోమీటరుతో లవణీయత చూడకుండా వల వేయవద్దు. పోటు మీద తీసిన నమూనాను పాటు మీద తీసినదానితోనూ, ఆగస్టు నమూనాను మే నెలదానితోనూ పోల్చవద్దు. ఆదివారం పట్టిన నీటిని అలాగే ఉంచి సోమవారం చూస్తే సగం జీవులు కుళ్లిపోయి ఉంటాయి గనుక, ఒడ్డునే 4 శాతం ఫార్మలిన్‌లో నిలవచేయాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది కాబట్టి అనుమానం ఉన్నవాటిని మరో సీసాలో ఆల్కహాలులో వేయాలి.

సమస్య: ఉప్పు అంతే, నెల అదే, అయినా ఏటేటా ఒకే కొత్త జాతి పెరుగుతూ పాతవి తగ్గుతున్నాయి.

కారణం: ఇప్పుడు పరదేశపు జీవిని అనుమానించవచ్చు. ఖాళీ ఓడలు నిలకడ కోసం ఒక రేవులో నింపుకుని మరో రేవులో వదిలే బ్యాలస్ట్ నీరు ఇందుకు ప్రధాన దారి. ఆసియాకు చెందిన లిమ్నోయితోనా టెట్రాస్పైనా అనే కోపిపాడ్ 1993లో శాన్‌ఫ్రాన్సిస్కో నదీముఖంలో కనబడి, తక్కువ ఉప్పు ఉన్న భాగంలో సంఖ్యలో మిగతా కోపిపాడ్లన్నిటినీ మించిపోయింది. అర మిల్లీమీటరు పొడవుండి పెద్దగా కదలని ఆ జీవి చేపపిల్లల కంటికి ఆనదు. తిండికి పనికొచ్చే జాతులను అవి తినేస్తుంటే, ఇది మిగిలిపోతుంది.

పరిష్కారం: పారే నీటిలో స్థిరపడిన ప్లవకాన్ని ఏరివేసే ఉపాయం లేదు, మందు చల్లితే ముందు చచ్చేవి మన జాతులే. నల్లచారల గుల్ల కథ దీనికి మంచి ఉదాహరణ. కంటికి కనబడని లార్వాగా నీటిలో తేలుతూ వ్యాపించే ఈ మధ్య అమెరికా జీవి 1967లో విశాఖ రేవులో కనిపించి అక్కడే పాతుకుపోయింది. ఇదే గుల్ల 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో బయటపడితే, వాటికి నీటి గేట్లు ఉన్నందువల్ల వెంటనే మూసి, క్లోరిన్, మైలుతుత్తం వేసి నిర్మూలించగలిగారు. తలుపు ఉన్నచోటే వైద్యం సాధ్యమైంది. ఓడల విషయంలో 2017 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం, 50 మైక్రాన్లకు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు) తగ్గని జీవులు వదిలే నీటిలో ఘనపు మీటరుకు పదిలోపే ఉండాలంటోంది.

సమస్య: రొయ్యపిల్లలను పొదిగించే హేచరీ మురుగు కలిసే ఉప్పు మడుల్లో జంటలుగా ఈదే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య కనబడుతోంది.

కారణం: మన దేశపు సహజ ఆర్టీమియాలో ఆడవే ఉంటాయి, మగ లేకుండానే పిల్లలు పెడతాయి. కాబట్టి జంట కనబడిందంటే, రొయ్యపిల్లల మేత కోసం ఎండు గుడ్లుగా డబ్బాల్లో దిగుమతయ్యే అమెరికా జాతి బయటపడిందని గట్టిగా అనుమానించాలి. మధ్యధరా ప్రాంతపు ఉప్పు మడుల్లో అది స్థానిక జాతులను వెళ్లగొట్టింది.

పరిష్కారం: మిగిలిన గుడ్లను ఎండబెట్టి పారవేస్తే చాలుననుకోవడం పొరపాటు, ఎండిన గుడ్డు 60 డిగ్రీల వేడినైనా తట్టుకుంటుంది, నానిన గుడ్డు 40 డిగ్రీలు దాటితే బతకదు. ముందు నానబెట్టి, ఆ నీటినే మరగబెట్టి, చల్లారాక మట్టిలో పాతిపెట్టాలి, కాలువలో పోయకూడదు.