సర్వీసు తుపాకులపై సైనికుల మాటను అంచనా వేయడం ఎలా

ఒక సైన్యం వాడే రైఫిల్ నమ్మదగినదో కాదో తెలుసుకోవాలనుకునేవారు ముందుగా ఆశ్రయించేది దాన్ని మోసినవారి మాటనే. చిక్కేమిటంటే, ఒకే రైఫిల్ గురించి ఒక సైనికుడు అది తన ప్రాణం నిలబెట్టిందంటే, అదే దళంలోని మరొకరు ప్రాణం మీదికి తెచ్చిందంటారు; ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఇలాంటి మాటలు చదివేటప్పుడు ఒక విభజన పాటిస్తే గందరగోళం చాలావరకు తీరుతుంది. ఏం జరిగిందన్న విషయంలో సైనికుడి మాటను తీసుకోవాలి. ఎందుకు జరిగిందన్న విషయంలో వేరే ఆధారం వెతకాలి.

వియత్నాం యుద్ధకాలపు అమెరికన్ రైఫిల్ ఎం16 చరిత్ర ఈ విభజన ఎంత అవసరమో చూపిస్తుంది. కాల్చిన తూటా ఖాళీ తొడుగు చాంబర్‌లోనే (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటే) ఇరుక్కుపోయేదనీ, శత్రువు కాలుస్తుండగానే గొట్టం చివరి నుంచి శుభ్రపరిచే కడ్డీని దూర్చి దాన్ని వెనక్కి పొడవాల్సి వచ్చేదనీ, ఆ కడ్డీ కూడా అందరి దగ్గరా ఉండేది కాదనీ అప్పటి అమెరికన్ సైనికులు చెప్పారు. అదంతా జరిగినదే. అయితే ఆ రైఫిల్ పుట్టుకతోనే పనికిరానిదన్న నిర్ధారణ మాత్రం నిలబడలేదు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారించినప్పుడు, తూటాలో నింపే మందును బాల్ పౌడర్‌కు (చిన్న గుళికల రూపంలోని మందుకు) మార్చిన నిర్ణయాన్ని ప్రధానంగా తప్పుపట్టింది. ఆ మార్పుతో తుపాకీ కాల్పుల వేగం పెరిగింది, లోపల మసి కూడా ఎక్కువగా పేరుకుంది. చాంబర్‌కు క్రోమ్ పూత లేకపోవడం, ఈ తుపాకీకి పెద్దగా శుభ్రం అక్కర్లేదన్న ప్రచారం ఆ కష్టాన్ని రెట్టింపు చేశాయి. పూత వేసి, శుభ్రపరిచే సామగ్రి, శిక్షణ అందించాక అదే రూపకల్పన దశాబ్దాల పాటు కొనసాగింది.

కాబట్టి ఒక ఫిర్యాదు కనబడగానే, అది ఏ రకం ఫిర్యాదో ముందు తేల్చుకోండి. కాల్పులు ఆగిపోవడం వేరు, విడిభాగం విరగడం వేరు, గురి తప్పడం వేరు, తగిలినా శత్రువు పడకపోవడం వేరు. చివరిది తూటా పరిమాణానికి, తగిలిన చోటుకు, దూరానికి సంబంధించిన సంగతి. దాన్ని విశ్వసనీయత ఖాతాలో వేయడం తప్పు. కాల్పులు ఆగిన సందర్భమే అయితే, మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) నుంచి రౌండ్ (తూటా) పైకి రాలేదా, లేక ఖాళీ తొడుగు బయటికి పోలేదా అన్నది తెలియాలి. రౌండ్ పైకి రాకపోతే తుపాకీ కంటే ముందు మ్యాగజైన్‌ను అనుమానించాలి. ఇరాక్‌లో అమెరికన్ సైనికుల ఎం9 పిస్తోలు మీద వచ్చిన ఫిర్యాదుల్లో చాలా వాటి మూలం గరుకైన ఫాస్ఫేట్ పూత వేసిన మ్యాగజైన్లే. సన్నటి ఇసుక ఆ పూతకు పట్టుకుని రౌండ్లను పైకి జరగనిచ్చేది కాదు. కార్గిల్ యుద్ధం నాటి భారత సైన్యపు ఇన్సాస్ రైఫిల్ ఫిర్యాదుల్లోనూ గడ్డకట్టే చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగలడం ముఖ్యమైనది. ఈ రెండు చోట్లా చెడ్డపేరు మొత్తం తుపాకీకే వచ్చింది.

తర్వాత అడగాల్సింది పరిస్థితుల గురించి. ఎన్ని రౌండ్లు, ఎంతసేపట్లో కాల్చారు? నూనె ఎంత వేశారు, చివరిసారి ఎప్పుడు తుడిచారు? అన్నిటికంటే ముఖ్యంగా, అది ఏ ఏడాది తయారైన ఏ రూపం? 2008 జూలైలో అఫ్గానిస్తాన్‌లోని వనాట్ పోరులో అమెరికన్ సైనికుల ఎం4 కార్బైన్లు (పొట్టి రైఫిళ్లు) వేడెక్కి ఆగిపోయాయన్న కథనాలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. ఎడతెగకుండా కాల్చాలంటే ఆ ఆయుధానికి నిమిషానికి 12 నుంచి 15 రౌండ్లే పరిమితి. ముట్టడిలో ఉన్నవారు దానికి ఎన్నో రెట్ల వేగంతో కాల్చక తప్పలేదు. ఇందులో సైనికుల తప్పేమీ లేదు, కానీ ఈ సంగతి తెలియకుండా ఆ కథనాన్ని చదివితే తీర్పు ఒకవైపుకు ఒరిగిపోతుంది. బ్రిటిష్ సైన్యపు ఎస్ఏ80 రైఫిల్ విషయంలో రూపమే ప్రధానం. 1991 గల్ఫ్ యుద్ధంలో అప్రతిష్ఠపాలైన దాని పాత రూపం ఎల్85ఏ1, 2000 తర్వాత లోపలి భాగాలను భారీగా మార్చి తెచ్చిన ఎల్85ఏ2 పేరుకే అన్నదమ్ములు. పాత తరం చెప్పిన కథలను కొత్త తుపాకీకి అంటగట్టే అలవాటు ఇంకా పోలేదు.

అంకెలున్న సర్వేలు దొరికితే సంతోషించండి, కానీ తొందరపడకండి. ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల నుంచి తిరిగి వచ్చిన 2,600 మందికి పైగా అమెరికన్ సైనికులను ప్రశ్నించి 2006లో వెలువరించిన నివేదికలో, ఎం4 వాడినవారిలో 89 శాతం తృప్తి వ్యక్తం చేశారు. 19 శాతం మంది శత్రువుతో తలపడుతుండగా అది ఆగిపోయిందన్నారు. ఈ రెండూ పొసగవని అనిపిస్తుంది గానీ, తేలికగా ఉండడం, పొట్టిగా ఉండడం కూడా తృప్తిలో కలుస్తాయి. పైగా తిరిగి రానివారిని ఎవరూ ప్రశ్నించలేరు. ప్రయోగశాల పరీక్షలూ అంత స్థిరమైనవేమీ కావు. 2007 చివరలో పది ఎం4లతో దుమ్ములో 60,000 రౌండ్లు కాల్చితే 882 సార్లు ఆటంకం వచ్చింది, వాటిలో 239 మ్యాగజైన్ వల్లే. అదే ఏడాది అంతకుముందు జరిపిన అలాంటి పరీక్షలో వచ్చినవి 307 మాత్రమే.

నేను మొదట చెప్పిన విభజనకు ఒక హద్దు ఉంది: సైనికుడు చూడలేనిదాన్ని చెప్పలేడు. జర్మన్ సైన్యపు జీ36 రైఫిల్ వేడెక్కినప్పుడు గురి చెదురుతుందని పరీక్షల్లో తేలి, 2015లో రక్షణ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ దానికి ప్రస్తుత రూపంలో భవిష్యత్తు లేదన్నారు. దీనిపై విచారించి అదే ఏడాది నివేదిక ఇచ్చిన సంఘానికి, ఆ లోపం వల్ల జర్మన్ సైనికులెవరైనా చనిపోయారనో గాయపడ్డారనో చెప్పే ఆధారం దొరకలేదు. పోరులో వాడినవారిలో చాలామంది దాన్ని మెచ్చుకున్నారు కూడా. హోరు మధ్య గోడ వెనక నుంచి కాల్చేవాడికి తన తూటా ఒక జానెడు పక్కకు పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? గురికి సంబంధించిన మెప్పును గానీ నిందను గానీ కొలతలు లేకుండా అంగీకరించకూడదు. శత్రువు చేతిలోని తుపాకీ మీద పొగడ్తలనూ ఇలాగే చూడాలి. ఎదుటివాడి కలాష్నికోవ్ ఎన్నిసార్లు ఆగిపోయిందో కాల్పుల ఇవతలి వైపున్న వారికి కనబడదు.

వీలైతే సైనికుడితో పాటు ఆ దళపు ఆయుధాగారంలో మరమ్మతులు చేసే వ్యక్తితోనూ మాట్లాడండి. ఒక సైనికుడికి ఒక తుపాకీతో పరిచయం ఉంటే, మరమ్మతు చేసే ఆయన చేతుల మీదుగా వందలు వెళ్తాయి. అభిప్రాయం అడిగితే ఆయనా అందరిలాగే ఏదో ఒకటి చెబుతారు. ఏ విడిభాగం కావాలని ఎక్కువగా ఇండెంట్ (సరఫరా కోరే పత్రం) పెడుతుంటారో, దాన్ని ఎన్ని రౌండ్ల తర్వాత మార్చాల్సి వస్తోందో అడగండి.