పాత బ్రిటిష్ బండి బయటికి తీస్తున్నారా? ముందు ఎడమ కాలికి నేర్పండి

ఈస్టర్ దగ్గరపడింది. చలికాలమంతా గ్యారేజీల్లో దుప్పట్ల కింద ఉన్న ట్రయంఫ్, నార్టన్, బీఎస్‌ఏ మోటార్‌సైకిళ్లు ఇంగ్లండ్ పల్లె రోడ్ల మీదికి వచ్చే రోజులివి. ఇక్కడున్న మన తెలుగువాళ్లలో కూడా నాకు తెలిసిన కొందరు ఈ మధ్య ఇలాంటి బండ్లు కొన్నారు. గత ఆదివారం బక్స్‌టన్ దగ్గర వాళ్లలో ఒక కుర్రాడు పడ్డాడు. మలుపు తిరగగానే పొలం గేటులోంచి ట్రాక్టర్ బయటికి వస్తోంది. ఆపలేకపోయాడు. పక్కనున్న రాతి గోడకు గుద్దుకుని భుజం ఎముక, చీలమండ విరిగాయి. ప్రాణం దక్కింది.

ఆసుపత్రిలో వాడు చెప్పింది ఒకటే మాట: "అన్నా, బ్రేకు ఫెయిలైంది."

బండిని తర్వాత మేం చూశాం. బ్రేకు బాగానే ఉంది. వాడు బ్రేకు తొక్కనే లేదు. తొక్కింది గేరు.

ఇంతకుముందు కూడా ఇలా పడ్డవాళ్లను చూశాను. అందరూ చెప్పేది బ్రేకు ఫెయిలైందనే. హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క తప్పు గురించే.

1970ల మధ్య వరకు వచ్చిన బ్రిటిష్ బండ్లలో గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. 1975 ప్రాంతంలో అమెరికా నిబంధనల వల్ల ట్రయంఫ్, నార్టన్ కూడా గేరును ఎడమవైపుకు మార్చాయి. ఇప్పటి బండ్లన్నీ అలాగే వస్తున్నాయి. వారమంతా కొత్త బండి మీద ఆఫీసుకు వెళ్లి, ఆదివారం 1968 నాటి ట్రయంఫ్ బోనవిల్ ఎక్కితే మొదటి పది నిమిషాలు జాగ్రత్తగానే నడుపుతాం. ఆ తర్వాత రోడ్డు బాగుంటుంది, గాలి బాగుంటుంది, ఇంజిన్ శబ్దం రాతి గోడలకు తగిలి తిరిగి వినిపిస్తుంటే ప్రాణం లేచొస్తుంది. నలభై, యాభై మైళ్ల వేగంలోనే ఇంత సంతోషం ఇచ్చే బండి ఇంకోటి నాకు తెలియదు. సరిగ్గా అప్పుడే ట్రాక్టర్ వస్తుంది. భయంలో కాలు ఆలోచించదు, అలవాటైన పనే చేస్తుంది. కుడి కాలు గట్టిగా కిందికి తొక్కుతుంది.

అప్పుడు ఏమవుతుందో బండిని బట్టి ఉంటుంది. ట్రయంఫ్‌లో మొదటి గేరు కిందికి, మిగతావి పైకి. కుడి కాలితో తొక్కితే కింది గేరు పడి, వెనక చక్రం ఈడ్చుకుపోయి జారుతుంది. నార్టన్‌లో ఇది తిరగబడి ఉంటుంది: మొదటిది పైకి, మిగతావి కిందికి. అక్కడ తొక్కితే పై గేరు పడుతుంది. ఇంజిన్ పట్టు తగ్గి, బండి ఇంకా ముందుకే పోతున్నట్టు ఉంటుంది. రెండింటిలోనూ వెనక బ్రేకు మీద కాలు పడలేదు. బ్రేకు ఫెయిలైందని మనకు అనిపించేది ఇందుకే.

"మా నాన్న బుల్లెట్ నడిపినవాణ్ణి, నాకిది కొత్త కాదు" అనేవాళ్లకు ఇంకో మాట. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ పాత బుల్లెట్ కూడా బ్రిటిష్ బండే, గేరు కుడి కాలికే. నిజమే. కానీ దాని గేర్లు నార్టన్ లాగా ఉంటాయి, ట్రయంఫ్ లాగా కాదు. పైగా ఆ బుల్లెట్ దిగి ఎన్నేళ్లయింది? ఆ తర్వాత నడిపిన బండ్లన్నిటికీ బ్రేకు కుడివైపే కదా? ఇరవై ఏళ్ల కిందటి అలవాటు ట్రాక్టర్ ఎదురైనప్పుడు గుర్తుకు రాదు.

మరి ఏం చేయాలి?

చేతి బ్రేకును నమ్ముకోండి. ముందు బ్రేకు పాత బండికైనా కొత్త బండికైనా కుడి చేతికే ఉంటుంది. బండిని ఆపడంలో పెద్ద పని దానిదే. కాబట్టి ముందు చెయ్యి, వెంటనే ఎడమ కాలు. ఈ రెండూ కలిసి రావడం అలవాటు చేసుకోండి. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న కార్ పార్క్‌కు వెళ్లండి. ఇరవై మైళ్ల వేగంలో పోతుంటే స్నేహితుణ్ణి ఎప్పుడో ఒకప్పుడు "ఆపు" అని అరవమనండి. కుడి కాలు కదలకుండా ఉండేదాకా మళ్లీ మళ్లీ చేయండి. ఏడాదికోసారి చేస్తే చాలదు, ప్రతి రైడ్‌కు ముందు చేయాలి. బ్రేకు ఎటువైపో గుర్తుండాలని కొందరు ట్యాంకుకు ఎడమవైపు ఎర్ర టేపు అంటిస్తారు. అంటించండి, మంచిదే. కానీ భయం వేసినప్పుడు ఎవరూ టేపు చూడరు.

గేరు మార్చడం అయిపోగానే కుడి పాదాన్ని వెనక్కి లాక్కోండి. కాలి వేళ్లు గేరు మీద ఉండకూడదు. ఎడమ కాలి వేళ్లు మాత్రం ఎప్పుడూ బ్రేకుకు పైన, నొక్కకుండా సిద్ధంగా ఉండాలి.

కుడివైపు తిరిగేటప్పుడు రెట్టింపు జాగ్రత్త. 1960ల నాటి చాలా బండ్లకు ఇండికేటర్లు లేవు. కుడి చెయ్యి చాపి సిగ్నల్ ఇస్తే ముందు బ్రేకు, థ్రాటిల్ రెండూ చేతిలో ఉండవు. ఆ కొద్ది సెకన్లు మిమ్మల్ని ఆపగలిగేది ఎడమ కాలు ఒక్కటే. అందుకే సిగ్నల్ ముందుగా ఇచ్చేసి, చెయ్యి తిరిగి హ్యాండిల్ మీదికి వచ్చాకే తిరగండి. ఇంకో సంగతి. ఆ కాలపు చాలా బండ్లలో వెనక ఎర్ర లైటు కాలి బ్రేకు తొక్కితేనే వెలుగుతుంది. చేతి బ్రేకు ఒక్కటే పట్టుకుంటే మీరు ఆగుతున్నారని వెనక కారువాడికి తెలియదు.

షెడ్‌లోంచి బయటికి తీసే ముందు

ఈ బండ్లలో చాలావాటికి ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే ఆయిలంతా మెల్లగా ఇంజిన్ అడుగుకు దిగిపోతుంది. అది చూసుకోకుండా కిక్ కొడితే ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజిన్ గాలి పోయే పైపు) లోంచి బయటికి చిమ్మి వెనక టైరు మీద పడొచ్చు. అందుకే ముందు అడుగు ప్లగ్ తీసి ఆయిల్ దించండి.

టైరు గీతలు లోతుగా ఉన్నాయి కదా అని మోసపోకండి. టైరు పక్కనున్న నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. అవి మూడే అంకెలైతే ఆ టైరు 2000కి ముందుది. వెంటనే మార్చండి.

2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసింది. అందులోని ఇథనాల్ పాత రబ్బరు పైపులను, సీళ్లను తినేస్తుంది. సూపర్ పెట్రోలు, అంటే ఈ5 కొట్టించండి. పైపులు ఎలాగూ మార్చండి.

నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి ఎంవోటీ, అంటే ఏటా చేయించే బండి పరీక్ష, తప్పనిసరి కాదు. అయినా చేయించండి. మీరు చూడనిది ఇంకో మనిషి చూస్తాడు.

డ్రమ్ బ్రేకుల్ని కొత్త బండి డిస్క్ బ్రేకులతో పోల్చుకోకండి. పొడుగాటి దిగుడులో పట్టుకునే ఉంటే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. స్నేక్ పాస్ లాంటి కొండ రోడ్డు దిగడం మొదలుపెట్టేటప్పుడే గేరు తగ్గించండి. నీళ్లలోంచి వచ్చాక మెల్లగా నొక్కి ఆరబెట్టండి.

రోడ్డు మీద

పల్లె రోడ్డు మీద అరవై మైళ్లు పరిమితి మాత్రమే, అంత వేగంతో పోవాలని కాదు. ముళ్లపొదల గోడల మధ్య మీకు ఎంత దూరం కనిపిస్తుందో, ఆ దూరంలో ఆగగలిగే వేగంలో ఉండండి.

పొలం గేటు ముందు తడి మట్టి కనిపిస్తే ట్రాక్టర్ దగ్గర్లోనే ఉన్నట్టు.

ఏప్రిల్‌లో యార్క్‌షైర్ డేల్స్‌లో, వేల్స్‌లో కంచె లేని రోడ్ల మీద గొర్రెపిల్లలు ఉంటాయి. తల్లి ఒకవైపు, పిల్ల ఇంకోవైపు ఉంటే పిల్ల తల్లి దగ్గరికి పరిగెత్తుతుందనే అనుకోండి.

గుర్రం కనిపిస్తే పది మైళ్లలోపు వేగం, రెండు మీటర్ల దూరం. హారన్ వద్దు.

క్యాటిల్ గ్రిడ్ (పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనుప కడ్డీలు) మీద బండి నిటారుగా ఉండాలి. బ్రేకు వద్దు, వంచడం వద్దు.

ఆరు వోల్టుల లైటు నమ్ముకుని చీకట్లో రావద్దు.

కొత్త బండ్ల గుంపులో వెళితే వాళ్ల వేగం పట్టుకోవాలని చూడొద్దు. వాళ్లు ఆగే దూరంలో మీరు ఆగలేరు.

ఇంటికొచ్చాక నట్లు, బోల్టులు అన్నీ ఒకసారి బిగించండి. ఈ ఇంజిన్ల అదురు వాటిని వదులు చేస్తుంది.

ఒకే రోజు రెండు బండ్లు నడపొద్దు. పొద్దున కొత్తది, మధ్యాహ్నం పాతది అసలే వద్దు.

అలసిపోయారా, ఆగండి. అలసినప్పుడు కుడి కాలే ముందు కదులుతుంది.

ఎడమ కాలు బ్రేకు. కుడి కాలు గేరు. కిక్ కొట్టే ముందు బయటికి వినపడేలా అనండి.

బండి ఎవరికీ ఇవ్వకండి. "ఒక్క రౌండ్ కొట్టి వస్తా అన్నా" అంటాడు. మంచి రైడరే కావచ్చు, కొత్త బండి మీద మీకన్నా బాగా నడపొచ్చు. మంచి రైడర్ కుడి కాలికే ఎక్కువ వేగం ఉంటుంది. ముందు కార్ పార్క్‌కు తీసుకెళ్లండి, "ఆపు" అని అరవండి, ఏ కాలు కదిలిందో చూడండి. కుడి కాలు కదిలితే ఆ రోజుకు బండి ఇవ్వకండి, వాడు నొచ్చుకున్నా సరే.